ప్లికర్స్: ఫోను మాస్టారిదొక్కటే ఉన్న తెలుగు క్లాసుకి

తరగతిలో నలభై మంది, ఫోను మాస్టారి జేబులో ఒక్కటే. శ్రీకాకుళం, విజయనగరం పల్లె బడుల్లో ఈ లెక్కకి సరిపడే క్విజ్ యాప్ ప్లికర్స్. పిల్లలకి తలా ఒక కాగితం కార్డు ఇస్తే చాలు. కార్డు మీద నల్లటి గళ్ల బొమ్మ, నాలుగు అంచుల్లో సన్నగా ఎ, బి, సి, డి ఉంటాయి. తను అనుకున్న జవాబు అక్షరం పైకొచ్చేలా పిల్లాడు కార్డు పట్టుకుంటాడు, మీరు ఫోను కెమెరాని వరసల మీదుగా తిప్పుతారు. ఏ ఇద్దరి బొమ్మా ఒకటి కాదు కాబట్టి పక్కవాడి కార్డు చూసి తిప్పినా ఫలితం ఉండదు.

కార్డుల పీడీఎఫ్ ఉచితం. మామూలు సెట్టులో 40, పెద్ద సెట్టులో 63. ఏ4కి రెండు చొప్పున 40 కార్డులకి 20 కాగితాలు, నలుపు-తెలుపు ప్రింటు చాలు. పల్చటి కాగితం ఫ్యాను గాలికి వంగిపోతుంది, అట్ట మీద అంటించండి. జెరాక్స్ షాపులో మెరిసే లామినేషన్ మాత్రం చేయించొద్దు. కిటికీ వెలుతురు దాని మీద పడి మెరిస్తే కెమెరాకి బొమ్మ అందదు. పిల్లల వీపు వెనక కిటికీ ఉన్నా ఇదే తంటా, కార్డు నల్లగా కనిపిస్తుంది. బొమ్మ మీదికి వేళ్లు రాకుండా అంచులు పట్టుకోవడం ముందే నేర్పాలి. కార్డు నంబరు పిల్లాడి పేరుకి ముడిపడి ఉంటుంది. రానివాడి కార్డు ఇంకొకడు తీసుకుంటే మార్కులు తారుమారే. వెనక వైపు రోల్ నంబరు పెద్దగా రాయండి.

ఉచిత ఖాతాలో ఒక్కో ప్రశ్నల సెట్టుకి 5 ప్రశ్నలే. తెలుగు క్లాసుకి ఇది లోటేమీ కాదు. సంస్కృత సంధుల్నే తీసుకోండి: ఎ సవర్ణదీర్ఘ, బి గుణ, సి వృద్ధి, డి యణాదేశ. నాలుగు అంచులకి నాలుగు సంధులు కొలిచినట్టు కుదురుతాయి. ప్రశ్నకో పదం: అరసవల్లి గుర్తొచ్చేలా సూర్యాలయం, మందస వైపు పిల్లలకి మహేంద్రగిరి, తర్వాత ఏకైక, ప్రత్యేకం. అయిదోది మళ్లీ సవర్ణదీర్ఘమే పెట్టండి, లేకపోతే మిగిలిన అక్షరం చూసి ఊహించేస్తారు. ఇంటి మాటలూ బాగా పనిచేస్తాయి. 'ఒగ్గేయ్' అంటే వదిలెయ్, దించెయ్, దాచెయ్, తోసెయ్‌లలో ఏది? తప్పు జవాబులు కూడా నిజమేనేమో అనిపించాలి, లేకపోతే ఆట తేలిపోతుంది. ప్రొజెక్టరు ఉండి తెర మీద జవాబుల లెక్క ముందే చూపించారో, కార్డులు చకచకా తిరిగిపోతాయి.

ప్రశ్నలు ఎక్కించేటప్పుడు అసలు చిక్కు ఫాంటుది. అను అనే పాత డీటీపీ ఫాంటులో చేసిన ప్రశ్నపత్రం నుంచి కాపీ చేస్తే యాప్‌లో పిచ్చి గుర్తులు పడతాయి. ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ చదివే యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా జీబోర్డులో (గూగుల్ కీబోర్డు) నోటితో చెప్పి టైపు చేయించి, ఒత్తులు సరిచూసుకోవాలి.

రాయించడం, మాట్లాడించడం ప్లికర్స్‌తో కావు. రాతకి గూగుల్ ఫారమ్స్ ఉందిగానీ, అది అక్షరం అక్షరం పోల్చి దిద్దుతుంది. సరైన జవాబుగా 'పాఠం' అని పెడితే 'పాఠము' తప్పయిపోతుంది. ఒకే ప్రశ్నకి చాలా సరైన జవాబులు పెట్టుకోనిస్తుంది కాబట్టి రెండు రూపాలూ చేర్చండి. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనపడని గుర్తు ఒకటి దూరుతుంది, అదీ కొంప ముంచుతుంది.

అక్షరాలు కలగాపులగం చేసి పదం కట్టమనే రెడీమేడ్ ఆటలతో ఇంకా జాగ్రత్త. చాలావాటికి మన అక్షరం అంటే ఏమిటో తెలీదు. 'శ్రీకాకుళం' మనకి నాలుగక్షరాలు. కంప్యూటరు లోపల అవి పది ముక్కలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అంటూ. ఆ ముక్కల్ని విడదీసి చల్లితే గుణింతం గుర్తులు గాల్లో వేలాడతాయి. దానికన్నా గూగుల్ స్లైడ్స్‌లో శ్రీ, కా, కు, ళం ఒక్కోటీ విడి టెక్స్ట్ బాక్సులో పెట్టి జరిపించడం నయం. వాక్యాల వరస పెట్టించడానికీ అదే దారి. పొందూరు ఖాదీ పని తీసుకుంటే వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం, గింజ తీయడం, ఏకడం, వడకడం, నేయడం: అయిదు బాక్సులు, అయిదు వాక్యాలు. ఫోను తెర మీద ఇది విసుగు, కంప్యూటరో ట్యాబో కావాలి.

ప్లికర్స్‌కి 5కి 4. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గిందంటే నెట్టు. ప్రశ్నలు రావాలన్నా, జవాబులు చేరాలన్నా సిగ్నల్ ఉండాలి. గదిలో అందకపోతే పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టండి, కార్డుల మీద వెలుతురూ అక్కడే బాగా పడుతుంది.