బరువు తగ్గే ఆపరేషన్‌కి ప్యాకేజీ కడుతున్నారా? ముందు ఇది చదవండి

బెంగళూరులో బేరియాట్రిక్ సర్జరీ, అంటే బరువు తగ్గించే ఆపరేషన్ కోసం వెతుకుతున్న మన తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఆపరేషన్ చెడ్డదని చెప్పడం నా ఉద్దేశం కాదు. నాకు బరువు తగ్గింది, బీపీ మాత్ర డోసు కూడా తగ్గింది. నా గొడవంతా దాన్ని అమ్ముతున్న తీరుతోనే. వాళ్ళ ప్యాకేజీ డిశ్చార్జ్ రోజుతో అయిపోతుంది. మనకు డాక్టరు అవసరం గట్టిగా పడేదేమో ఆ తర్వాత. హాస్పిటల్ పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. అయినా ఇదే పద్ధతిలో అమ్మేవాళ్ళు ఒక్కరే కాదు.

ఫోన్‌లో ఒకసారి "వెయిట్ లాస్ సర్జరీ" అని వెతికితే చాలు, ఇక ప్రకటనలు వదలవు. నంబర్ ఇచ్చిన కాసేపటికే కాల్ వచ్చింది. మనం తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే మారతహళ్ళిలో ఉంటున్నామని తెలిస్తే తెలుగు వచ్చిన అమ్మాయినే మాట్లాడిస్తారు. "అక్కా, మీరేం టెన్షన్ పడకండి, అడ్మిషన్ నుంచి ఇన్సూరెన్స్ దాకా అన్నీ మేం చూసుకుంటాం." ఆమె హాస్పిటల్ మనిషే అనుకుంటాం కదా. కాదు. పేషెంట్లను వేర్వేరు హాస్పిటళ్ళకు పంపి కమిషన్ తీసుకునే ఒక మధ్యవర్తి కంపెనీ ఉద్యోగి, పేరుకు "కౌన్సెలర్". ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా, రసీదు మీద ఇంకో కంపెనీ పేరు చూశాకే తెలిసింది. ఈ వారం కడితే తగ్గింపు, వడ్డీ లేని ఈఎంఐ అని వెంటపడ్డారు. పొట్ట కోయడానికి కూడా ఆషాఢం సేల్ లాగా ఆఫర్లేంటో!

ఇన్సూరెన్స్ దగ్గర మొదటి దెబ్బ తగిలింది. నా బీఎంఐ (ఎత్తుకు, బరువుకు ఉన్న లెక్క) 36. బీపీ ఉంది, పీసీఓడీ (అండాశయాల హార్మోన్ సమస్య) ఉంది, షుగర్ బోర్డర్‌లో ఉంది. "ఇంతకంటే ఏం కావాలి అక్కా, కచ్చితంగా అప్రూవ్ అవుతుంది" అంది కౌన్సెలర్. కానీ బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో ఆరోగ్య బీమా మినహాయింపులను అన్ని కంపెనీలకూ ఒకే మాటల్లో రాసిపెట్టింది. అందులో 6వ మినహాయింపు ఊబకాయం చికిత్స గురించే. దాని ప్రకారం బీమా డబ్బు రావాలంటే డాక్టరు సలహా ఉండాలి, వయసు 18 నిండాలి, బీఎంఐ 40 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. 35 నుంచి 40 లోపు ఉంటే మాత్రం, ఆపరేషన్ లేని పద్ధతులు పనిచేయలేదని చూపించడంతో పాటు నాలుగు జబ్బుల్లో ఏదో ఒకటి ఉండాలి: ఊబకాయం వల్ల దెబ్బతిన్న గుండె కండరం, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), అదుపులో లేని టైప్ 2 షుగర్. బీపీ ఆ జాబితాలో లేదు, పీసీఓడీ లేదు, మోకాళ్ళ నొప్పులూ లేవు.

ఇక్కడ చాలామంది తికమకపడతారు. 2022లో వచ్చిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు బీఎంఐ 35 ఉంటే వేరే జబ్బు లేకపోయినా సర్జరీ సూచించవచ్చన్నాయి. మన ఆసియా వాళ్ళకైతే 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. కాబట్టి "మీరు అర్హులే" అని డాక్టరు అన్నది అబద్ధం కాదు. కానీ డాక్టరు దృష్టిలో అర్హత వేరు, బీమా కంపెనీ లెక్క వేరు. కౌన్సెలర్లు మొదటిది చెప్పి, రెండోది కూడా అయిపోతుందని నమ్మించి డబ్బు కట్టించుకుంటారు. ఆఫీస్ గ్రూప్ పాలసీల్లో కొన్నిచోట్ల షరతులు వేరుగా ఉంటాయి. హెచ్‌ఆర్‌ని అడిగి పాలసీ పూర్తి కాగితం తెప్పించుకుని మీరే చదవండి.

క్యాష్‌లెస్ (బీమా కంపెనీయే నేరుగా హాస్పిటల్‌కి కట్టడం) తిరస్కరించారని తెలియగానే కౌన్సెలర్ ఇచ్చిన సలహా మాత్రం ఎవరూ వినకండి. "స్లీప్ ఆప్నియా ఉందని రాయించేద్దాం అక్కా, అందరూ చేసేదే" అంది, రాత్రి నిద్ర పరీక్ష చేయకుండానే. మా ఆయన అక్కడే ఒప్పుకోలేదు. తప్పుడు కాగితం బయటపడితే ఈ క్లెయిమ్ ఒక్కటే పోదు, మొత్తం పాలసీ రద్దు చేసే హక్కు కంపెనీకి ఉంటుంది. చివరికి కట్టిన అడ్వాన్స్ తిరిగి ఇచ్చేది లేదన్నారు కాబట్టి మిగతాది సొంత డబ్బుతోనే కట్టాం.

బిల్లు వచ్చాక రెండో దెబ్బ. నాకు చేసింది స్లీవ్. పొట్టలో సుమారు 75 నుంచి 80 శాతం కోసి తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా ఉంచుతారు. ఆ కోసే, కుట్టే పని స్టేప్లర్ చేస్తుంది. దానిలో వేసే కార్ట్రిడ్జ్‌లు ఒక్క ఆపరేషన్‌కే చాలా పడతాయి, ఒక్కొక్కటీ ఖరీదే. "అన్నీ కలిపి" అని చెప్పిన ప్యాకేజీలో ఇవి లేవట. బిల్లులో "కన్స్యూమబుల్స్" అని ఒకే లైన్, దాని ఎదురుగా లక్ష పైన. విడివిడిగా చూపించమంటే డిశ్చార్జ్ ఆపేస్తామన్నట్టు మాట్లాడారు.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, దీన్ని మాత్రం వదలలేను. నాకు ఏళ్ళుగా ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు. మొదటి రోజే చెప్పాను. స్లీవ్ తర్వాత ఈ మంట పెరిగే అవకాశం ఉందని, బాగా ఎసిడిటీ ఉన్నవాళ్ళకు తరచూ పొట్టను చిన్న సంచిలా చేసి పేగుకి కలిపే బైపాస్‌నే సూచిస్తారని ఇప్పుడు తెలుసు. ముందు ఎండోస్కోపీ చేసి, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం పంపి చూడాలి. నేను అడిగితే "అది ప్యాకేజీలో లేదు అక్కా" అన్న జవాబు కౌన్సెలర్ దగ్గర్నుంచి వచ్చింది. సర్జన్‌తో నేను మాట్లాడింది టీ తాగేంత సేపు కూడా లేదు. కోసి తీసేసిన పొట్టను మళ్ళీ అతికించలేరు. అలాంటి నిర్ణయం ఎండోస్కోపీ లేకుండా జరిగిపోయింది.

ఇంటికి వచ్చాక మొదటి రెండు వారాలు ద్రవాలే అని తెలుసు. మా అమ్మ మదనపల్లె నుంచి వచ్చి పప్పు కట్టు, పల్చటి మజ్జిగ, వడకట్టిన చారు చెంచాలతో పట్టింది. అవి నిలిచాయి. మెత్తటి ఆహారానికి మారాక వాంతులు మొదలయ్యాయి. కౌన్సెలర్‌కి ఫోన్ చేస్తే "కొంతమందికి అలాగే ఉంటుంది, నెమ్మదిగా తినండి" అంది. తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది. హాస్పిటల్ రిసెప్షన్ వాళ్ళు సర్జన్ విజిటింగ్ డాక్టరని, ఫలానా రోజే వస్తారని అన్నారు. డైటీషియన్ అని ఇచ్చిన నంబర్ నుంచి ప్రోటీన్ పౌడర్ కొనమనే మెసేజ్‌లు మాత్రం ఆగలేదు.

వాంతులు వారాల తరబడి సాగాయి. అరికాళ్ళు మంటలు, తిమ్మిర్లు, లేచి నిలబడితే తూలిపోవడం. చివరికి ఇంకో హాస్పిటల్‌లో గ్యాస్ట్రో డాక్టరు చూసి, మొదట విటమిన్ బీ1 ఇంజెక్షన్ ఇచ్చి, ఆ తర్వాతే గ్లూకోజ్ సెలైన్ పెట్టించారు. బీ1 నిల్వలు మన ఒంట్లో కొద్ది వారాలకే సరిపోతాయి. వాంతులు ఆగకపోతే అవి అయిపోయి నరాలు, మెదడు దెబ్బతింటాయి. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, అయోమయం వస్తే అత్యవసరమే. బీ1 లేని ఒంటికి ముందే గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి ముదిరే ప్రమాదం ఉంది. అందుకే మామూలు క్లినిక్‌కి వెళ్ళినా "నాకు బేరియాట్రిక్ సర్జరీ అయింది" అని మొదటి మాటగా చెప్పండి. ఎండోస్కోపీలో తేలింది, మిగిల్చిన గొట్టం ఒకచోట ఇరుకైపోయింది. బెలూన్‌తో వెడల్పు చేశారు. ఇరుకవడం ఈ ఆపరేషన్‌లో తెలిసిన ఇబ్బందే, దానికి నేను సర్జన్‌ని తప్పుపట్టను. చూసే దిక్కు లేకుండా వదిలేయడాన్నే తప్పుపడుతున్నాను.

మొదటి రోజుల్లో గుండె నిమిషానికి 120 దాటి కొట్టుకోవడం, జ్వరం, పొట్టలో లేదా ఎడమ భుజంలో నొప్పి ఉంటే కుట్ల దగ్గర లీకేజీ అయ్యుండొచ్చు. ఫోన్లు చేస్తూ కూర్చోకుండా ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి. తర్వాతి నెలల్లో జుట్టు ఊడుతుంది, చాలామందికి మళ్ళీ వస్తుంది. వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్ళు పడే అవకాశం ఉంది, కొందరు డాక్టర్లు దానికి ముందే మందు ఇస్తారు. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం చూసుకోవాలి. ఈ రక్తపరీక్షల ఖర్చు ఏ ప్యాకేజీలోనూ నాకు కనిపించలేదు.

కట్టే ముందు మెయిల్‌లో రాయించుకోండి: ఆపరేషన్ చేసేది ఎవరు, స్టేప్లర్ ఖర్చు లోపలా బయటా, ఎండోస్కోపీ చేస్తారా, ఏడాది పాటు ఫాలో-అప్ ఎవరు చూస్తారు, అర్ధరాత్రి వాంతులైతే ఏ నంబర్‌కి చేయాలి. చివరి ప్రశ్నకు కౌన్సెలర్ నంబర్ ఇస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఇంకో మాట, కొవ్వు పీల్చి తీసే లైపోసక్షన్ వేరు, ఇది వేరు. 2022 మేలో బెంగళూరులో ఒక కన్నడ టీవీ నటి చనిపోయింది కొవ్వు తీసే సర్జరీ తర్వాత. కొన్ని క్లినిక్‌లు రెండింటినీ ఒకే ప్రకటనలో కలిపి అమ్ముతున్నాయి, చూసుకోండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళకు: కేస్ షీట్, ఆపరేషన్ నోట్స్ అడగడం మీ హక్కు, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య నియమావళిలో ఉంది. క్లెయిమ్ తిరస్కరణ అన్యాయమనిపిస్తే ముందు కంపెనీకి రాసి, తర్వాత జేపీ నగర్‌లో ఉన్న బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) ఆఫీసుకి వెళ్ళొచ్చు, ఫీజు లేదు. బిల్లు గొడవలకు కర్ణాటక ప్రైవేట్ వైద్య సంస్థల చట్టం కింద జిల్లా స్థాయి అథారిటీ ఉంది. అది కాక జిల్లా వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్ళలోపు వెళ్ళాలి. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే అక్కడా ఫీజు ఉండదు.

మేము కమిషన్‌లో కేసు వేశాం. కన్స్యూమబుల్స్ ప్యాకేజీలో భాగం కావని హాస్పిటల్ జవాబిచ్చింది. "అన్నీ కలిపి అక్కా, పైన ఒక్క రూపాయి ఉండదు" అన్న వాట్సాప్ మెసేజ్ మేము జత చేశాం. మీరూ ఆ చాట్‌లు డిలీట్ చేయకండి.