ఒంగోలు గిత్తకు తీగ ఎముకలు: సూపర్ స్కల్పీతో కొన్నేళ్లు పనిచేశాక

పాలిమర్ క్లేతో చిన్న బొమ్మలు చేద్దామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ కంపెనీ క్లే కొనాలి అని. నేను మొదట చెప్పేది మాత్రం తీగ గురించి. ఒంగోలులో ఉంటూ కొన్నేళ్లుగా జానెడు ఎత్తుకు లోపల గిత్తలు, గంగిరెద్దులు, వాటి పక్కన సన్నాయి పట్టుకున్న మనుషులు చేస్తున్నాను. చాలావరకు సంక్రాంతి బొమ్మల కొలువు కోసం, కొన్ని అడిగినవాళ్ల కోసం. ఎక్కువగా వాడింది సూపర్ స్కల్పీ అనే పాలిమర్ క్లే. ఫీమో, ప్రీమో అనే రకాలు కూడా తగినంత వాడాను. ఇన్నాళ్ల వాడకంలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: సూపర్ స్కల్పీ మంచి క్లే, పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. కానీ బొమ్మ పదేళ్లు నిలబడుతుందా, కొలువు మెట్టు ఎక్కకముందే కాలు విరుగుతుందా అన్నది తేల్చేది లోపలి తీగ చట్రమే.

పేరులో క్లే ఉన్నా ఇది మట్టి కాదు. పీవీసీ పొడిని మెత్తబరిచే ద్రవంతో కలిపి తయారుచేస్తారు. ఆ ద్రవాన్నే ప్లాస్టిసైజర్ అంటారు. ఇందులో నీళ్లు ఉండవు కాబట్టి బల్ల మీద వదిలేసినా ఎండిపోదు. ఈ రోజు ముఖం సగం చేసి, వచ్చే ఆదివారం మిగతా సగం చేసుకోవచ్చు. ఓవెన్‌లో వేడి తగిలాకే గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు కుంచించుకుపోవడం దాదాపు ఉండదు. తీగ మీద బొమ్మ చేసేవాళ్లకు ఇదే అన్నిటికన్నా పెద్ద సుఖం. కుమ్మరి మట్టిని తీగ మీద పెడితే ఆరుతూ కుంచించుకుంటుంది, లోపల తీగ కుంచించుకోదు, దాంతో బిర్రుగా పట్టి పగుళ్లు వస్తాయి. గాలికి ఆరే క్లేలదీ అదే ఇబ్బంది. పాలిమర్ క్లేతో ఆ బాధ లేదు.

నేను ఎక్కువగా చేసేది మన ఒంగోలు గిత్తనే. సముద్రాలు దాటి బ్రెజిల్ వెళ్లి అక్కడ నెలోర్ జాతిగా వృద్ధి చెందిన పశువు అది. పెద్ద మూపురం, మెడ కింద మడతలు మడతలుగా వేలాడే గంగడోలు, పొట్టి కొమ్ములు, నల్లటి ముట్టె, కంటి చుట్టూ నల్ల గీత, తోక చివర నల్ల కుచ్చు. బొమ్మ చేసేవాడి కంటితో చూస్తే ఇది చాలా కష్టమైన శరీరం. బరువంతా పైన, ముందు భాగంలో ఉంటుంది. దాన్ని మోసే కాళ్లు సన్నం. పైగా గంగడోలు పలచగా ఉండాలి, మందమైతే అది ఏ జాతి పశువో తెలియకుండా పోతుంది. చట్రం లేకుండా ఈ బొమ్మ చేయడం కుదరని పని. ఓవెన్ వేడికి క్లే గట్టిపడే ముందు కొంచెం మెత్తబడుతుంది. ఆ కాసేపట్లోనే కాళ్లు వంగిపోయి గిత్త మోకాళ్ల మీద కూర్చుంటుంది.

నేను వాడే తీగ అల్యూమినియం. క్రాఫ్ట్ సామాన్ల పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మే తీగకు అనవసరంగా డబ్బు పోయనక్కర్లేదు. కరెంటు సామాన్ల షాపులో ఇళ్ల మీటర్లకు వాడే అల్యూమినియం సర్వీసు వైరు దొరుకుతుంది. లోపల ఒంటి తీగ ఉన్న రకం చూసి కొని, పై తొడుగు ఒలిచేస్తే చాలు. 4 చదరపు మిల్లీమీటర్ల వైరులో తీగ మందం సుమారు 2.25 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇది వెన్నుకు, కాళ్లకు సరిపోతుంది. 2.5 వైరులో తీగ 1.8 మిల్లీమీటర్ల దాకా వస్తుంది, మనుషుల బొమ్మలకు అది చాలు. ఇనుప బైండింగ్ వైరు చవకే కానీ సముద్రపు గాలి తగిలే ఊళ్లలో దాన్ని వాడొద్దంటాను. ఎక్కడో చిన్న సందు దొరికితే తుప్పు మరక తెల్లటి గిత్త ఒంటి మీద తేలుతుంది. చుట్టడానికి మాత్రం వెంట్రుకంత సన్నటి రాగి తీగ వాడతాను, మోటార్ వైండింగ్ షాపులో మిగిలిన ముక్కలు అడిగితే ఇస్తారు.

గిట్ట నుంచి మూపురం దాకా 12 సెంటీమీటర్ల గిత్త అనుకోండి. ముందు కాగితం మీద అదే కొలతతో పక్క నుంచి బొమ్మ గీస్తాను. తీగను ఆ గీత మీదే పెట్టి వంచుతాను. ముట్టె నుంచి మెడ, వెన్ను మీదుగా తోక దాకా ఒకే తీగ. ముందు కాళ్లు రెండింటికీ కలిపి ఒక తీగ, వెన్ను మీదుగా వేసి రెండు వైపులా కిందికి దించుతాను. వెనక కాళ్లకు ఇంకొకటి. వెనక కాలు నేరుగా కిందికి దిగదు, మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చే మడమ దగ్గర స్పష్టమైన వంపు ఉంటుంది. ఆ వంపు తీగలోనే రావాలి. తీగ తిన్నగా ఉంచి క్లేతో వంపు తెద్దామని చూస్తే చివరికి మంచం కోళ్లలా తయారవుతాయి. చదలవాడ పశుక్షేత్రంలో గిత్తలను దగ్గర నుంచి చూసినప్పుడు నేను ఎక్కువ సేపు గమనించింది మూపురాన్ని కాదు, నిలబడినప్పుడు వెనక కాళ్ల మీద బరువు ఎలా పడుతుందో దాన్ని. బొమ్మకు ప్రాణం అక్కడుంది.

ప్రతి కాలి తీగనూ గిట్ట కింద అంగుళం పొడవు వదులుతాను. చెక్క ముక్కలో నాలుగు బెజ్జాలు వేసి ఆ తీగలను అందులో దింపితే పని చేసినంతసేపూ బొమ్మ కదలదు. పని పూర్తయ్యాక అవే తీగలు అసలు పీఠంలోకి దిగుతాయి. తీగలు కలిసే చోట మెలి వేయడంతో సరిపెట్టకండి. మెలి ఎంత గట్టిగా వేసినా వేలితో నొక్కేటప్పుడు అణువంత కదులుతుంది. ఆ కదలికే తర్వాత కాలు మొదట్లో పగులై కనిపిస్తుంది. కీళ్ల దగ్గర ఎం-సీల్ కలిపి పెట్టి, ఒక రాత్రి గట్టిపడనిస్తాను. ఓవెన్ వేడికి నా బొమ్మల్లో ఆ అతుకు ఎప్పుడూ వదల్లేదు. చట్రాన్ని చేత్తో పట్టుకుని ఊపితే మొత్తం ఒకే ముక్కగా ఊగాలి తప్ప ఏ కీలూ విడిగా ఆడకూడదు. ఆడుతుంటే క్లే పెట్టెను ఇంకా తెరవొద్దు.

తర్వాత పొట్ట. డొక్క, మూపురం, తొడలు అంతా క్లేతో నింపితే బరువు, ఖర్చు, పైగా లోపల సరిగా కాలదు. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్‌ను ఉండ చేసి, తీగ చుట్టూ బిగించి, చెంచా వెనక వైపుతో రుద్ది రుద్ది గట్టిపరుస్తాను. ఫాయిల్ మధ్యలో గాలి మిగిలితే ఓవెన్‌లో అది వేడెక్కి పైకి తన్నుతుంది. మూపురం ఆకారం కూడా ఫాయిల్‌లోనే తెచ్చేయాలి. పైన క్లే మందం అన్ని చోట్లా 5, 6 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటే సమంగా కాలుతుంది. గంగడోలు కోసం రాగి తీగను మెడ కింద పెద్ద చుట్టుగా వేలాడదీసి, దాని మీద రెండు వైపులా పలచటి క్లే అతికిస్తాను. కాళ్ల తీగకు కూడా సన్నటి రాగి తీగ చుట్టాలి. నున్నటి అల్యూమినియం మీద క్లే పట్టు దొరక్క గిరగిరా తిరుగుతుంది. ఆఖరున చట్రం మొత్తానికి ఫెవికాల్ పూత. అది పూర్తిగా ఆరాలి, తడిగా ఉండగా క్లే పెడితే ఓవెన్‌లో ఆ తడి ఆవిరై బుడగలు లేస్తాయి. ఇదంతా అయ్యేసరికి మొత్తం పనిలో సగం సమయం గడిచిపోతుంది. అంత సమయం పెట్టడం న్యాయమేనని గట్టిగా చెబుతాను.

ఇక క్లే సంగతి. సూపర్ స్కల్పీ 454 గ్రాముల పెట్టెలో వస్తుంది, లేత గులాబీ ఛాయ కలిసిన చర్మం రంగు. బాగా పిసికి మెత్తబరిచాక చెప్పినట్టు వింటుంది. కంటి రెప్ప, ముట్టె మీద ముడతలు, గిట్ట చీలిక అన్నీ పదునుగా నిలుస్తాయి. పనిముట్లకు పెద్ద ఖర్చు లేదు, అల్లిక సూదులు, కొన అరగదీసిన సైకిల్ స్పోకు, ఒక మెత్తటి బ్రష్షు. వేలిముద్రలు పోవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో బ్రష్షు ముంచి తేలిగ్గా రుద్దితే నున్నగా వస్తుంది. కింద పెట్టుకుని పనిచేయడానికి చీమకుర్తి గ్రానైట్ ముక్క ఒకటి తెచ్చుకున్నాను, పాలిష్ యూనిట్ల దగ్గర తరుగు ముక్కలు దొరుకుతాయి. నునుపుగా ఉంటుంది, చల్లగా ఉంటుంది, క్లే అంటుకోదు. ఆ రాయినే ఓవెన్‌లోకి మాత్రం ఎక్కించకండి. అంత మందపు రాయి వేడెక్కేసరికి ఆలస్యమై బొమ్మ అడుగు పచ్చిగా మిగులుతుంది. దానికి పలచటి టైల్ మంచిది.

మన జిల్లాల్లో ఈ క్లేకు అసలు శత్రువు ఎండ. నెల్లూరులోనూ ఒంగోలులోనూ రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట ఇది చేతికి జిగురుగా అంటుతుంది, గీసిన గీత నిలవదు. నేను ఆ నెలల్లో తెల్లవారుజామున పనిచేస్తాను. క్లేను గాలి చొరబడని కవర్లో పెట్టి కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి తీస్తాను. కవర్ లేకపోతే బయటికి తీయగానే దాని మీద చెమ్మ పడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం నిల్వలో జరుగుతుంది. వేడి చోట రోజుల తరబడి ఉంటే క్లే ఓవెన్‌లోకి వెళ్లకుండానే కొంత ఉడికిపోయి పొడిపొడిగా రాలుతుంది. ఒక వేసవిలో ఒక ఆన్‌లైన్ అమ్మకందారు పంపిన పెట్టె అలాగే వచ్చింది, ఎంత పిసికినా కలవలేదు. తిరిగి తీసుకోమంటే తీసుకోలేదు. అప్పటి నుంచి ఏడాదికి కావలసినదంతా కార్తీకం, సంక్రాంతి మధ్యలోనే తెప్పించుకుంటున్నాను. దాచడానికి స్టీలు డబ్బా పెట్టండి. థర్మోకోల్, డిస్పోజబుల్ ప్లేట్ల లాంటి వాటిని క్లేలోని ప్లాస్టిసైజర్ తినేస్తుంది. వార్నిష్ వేసిన బల్ల మీద పెట్టినా మరక పడుతుంది.

దుమ్ము గురించి కూడా చెప్పాలి. లేత రంగు కాబట్టి బట్టల నూలుపోగు, ఫ్యాన్ మీది దుమ్ము అన్నీ పట్టేస్తుంది. ఫ్యాన్ లేకుండా మే నెలలో పనిచేయడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు కానీ, ముఖం చేసే గంట మాత్రం ఆపేస్తాను.

కాల్చడానికి సూపర్ స్కల్పీకి కంపెనీ చెప్పే లెక్క 130 డిగ్రీలు, ప్రతి 6 మిల్లీమీటర్ల మందానికి 15 నిమిషాలు. ఫీమోకు 110 డిగ్రీలు, 30 నిమిషాలు. ఇంట్లో వాడే ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, సరిపోతుంది కానీ దాని నాబ్‌ను నమ్మకండి. నాబ్ 130 చూపిస్తున్నా లోపల ఎంత ఉందో విడిగా థర్మామీటర్ పెడితేనే తెలుస్తుంది. కడ్డీలు ఎర్రబడినప్పుడల్లా వేడి ఒక్కసారి పైకి లేస్తుంది, మూపురం పై కడ్డీకి దగ్గరగా ఉంటే అక్కడ గోధుమరంగు మచ్చ పడుతుంది. అందుకే ముందు ఓవెన్‌ను వేడెక్కించి, బొమ్మ మీద ఫాయిల్‌ను గుడారంలా కప్పి, ఆ తర్వాత లోపల పెడతాను. అయ్యాక తలుపు కొద్దిగా తెరిచి ఓవెన్‌లోనే నిదానంగా చల్లారనిస్తాను. క్లే మాడితే అందులోని పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, గొంతు పట్టేసే గాలి అది. కిటికీలు తెరిచి ఉంచండి, పిల్లల్ని ఆ గదిలో ఉంచకండి. తిండి వండే ఓటీజీని దీనికి వాడకపోవడమే మంచిది.

ఎన్నిసార్లైనా మళ్లీ కాల్చుకోవచ్చు, ఇది నాకు బాగా నచ్చిన గుణం. కాళ్లు, తల ముందే కాల్చి గట్టిపరిచి, తర్వాత ఒళ్లు నింపుతాను. చేసిన ముఖం మీద పొరపాటున వేలు పడుతుందన్న టెన్షన్ ఉండదు.

బలం విషయంలో మాత్రం సూపర్ స్కల్పీకి పూర్తి మార్కులు వేయలేను. చెవులు, సన్నాయి, మనిషి వేళ్లు లాంటి సన్నటి భాగాలు సరిగా కాలినా కొంచెం పెళుసుగానే ఉంటాయి. ప్రీమో, ఫీమో ప్రొఫెషనల్ ఇంతకన్నా వంగి తట్టుకుంటాయి. నేను సన్నటి భాగాలకు సూపర్ స్కల్పీలో ప్రీమో కలుపుతాను. గంగిరెద్దులాడించేవాడి వేళ్లకు లోపల రాగి తీగ తప్పనిసరి. ఇక్కడ షాపుల్లో దొరికే రెండు ముద్దలు కలిపే ఎపాక్సీ క్లే బలంలో వీటన్నిటినీ మించుతుంది, ఓవెన్ కూడా అక్కర్లేదు. కానీ అది మన తీరిక కోసం ఆగదు, కలిపిన గంటకల్లా బిగుసుకుంటుంది. పెద్ద బొమ్మలకు, బయట వరండాలో పెట్టేవాటికి నేనూ అదే వాడతాను. గిత్త కంటి రెప్ప దగ్గర అరపూట కూర్చోవాలంటే పాలిమర్ క్లేకు సాటి లేదు.

రంగులకు నీటితో కలిపే యాక్రిలిక్ వాడండి. హార్డ్‌వేర్ షాపు ఎనామిల్, గోళ్ల రంగు, కొన్ని స్ప్రే డబ్బాలు క్లేతో కలిసి నెలలు గడిచినా జిగురు వదలవు. గిత్తకు తెలుపు మందంగా వేయొద్దు, పలచగా పొరలు పొరలుగా వేస్తే కింది గులాబీ ఛాయ చెవుల లోపల, గంగడోలు మడతల్లో కనిపించి నిజమైన చర్మంలా ఉంటుంది. మగ పశువుకు తల, మెడ, మూపురం మీద బూడిద రంగు నీడ పడాలి.

కొలువు సర్దేటప్పుడు కొమ్ము, చెవి విరగడం మామూలే. విరిగిన చోట లిక్విడ్ స్కల్పీ, అంటే ద్రవంగా ఉండే పాలిమర్ క్లే, రాసి, ముక్కను నిలబెట్టి మళ్లీ కాల్చితే అతుక్కుంటుంది, సందులో కొత్త క్లే నింపి రంగు వేసుకోవచ్చు. రంగు వేసిన బొమ్మను కూడా ఇలా కాల్చాను, యాక్రిలిక్ తట్టుకుంది. లోపల తీగ ఉంటే విరిగిన కొమ్ము ఊడి పడదు, వేలాడుతుంది, పని పది నిమిషాల్లో అవుతుంది. సూపర్ స్కల్పీ ధర ఎక్కువ, అది దిగుమతి సరుకు కాబట్టి తగ్గేలా లేదు. మొదటిసారి కొనేవాళ్లు ఒక్క పెట్టె తీసుకోండి, ఫాయిల్ సరిగా నింపితే అందులో ఈ కొలత గిత్తలు ఒకటికి మించే వస్తాయి. మిగిలిన డబ్బుతో ఓవెన్ థర్మామీటర్ కొనండి.