ర్యాంకు రాకముందే సీటు బ్లాక్ చేస్తామంటే నమ్మకండి: ఇంటర్ పిల్లలున్న తల్లిదండ్రులకు హెచ్చరిక

మీ ఇంట్లో ఇంటర్ రెండో ఏడాది చదివే పిల్లలుంటే దయచేసి ఇది చివరిదాకా చదవండి. ఈఏపీసెట్ ర్యాంకు రాకముందే ఇంటికొచ్చి ఇంజనీరింగ్ సీటు బ్లాక్ చేస్తామనే కాలేజీ పీఆర్వో చేతికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు అసలే ఇవ్వకండి. నేను రెండూ ఇచ్చాను. నాలుగేళ్ళలో మాకు 7,18,000 రూపాయలు అయింది. మా పెద్దమ్మాయి ఇప్పుడు హైదరాబాద్‌లో నెలకు 17,500 జీతానికి బిల్లింగ్ పని చేస్తోంది. పక్క సీటులో డిగ్రీ చదివిన పిల్ల కూడా అదే పని, అదే జీతం.

మాది పి.గన్నవరం మండలమండి. ఎకరం వరిచేను, ఏటిగట్టు లోపల నలభై కొబ్బరి చెట్లు, మధ్యలో అరటి. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే పెట్టినప్పుడు మా మామగారు కూడా సార్వా మానేసి చేను బీడు వదిలేశారు. ఆ ఏడే మా ఆయన డ్రైవరు పనికి మస్కట్ వెళ్ళారు. ఆడపిల్లలిద్దర్నీ ఎంతవరకు చదివితే అంతవరకు చదివించాలని ఆ ఏడే అనుకున్నాం. అందుకని చదువు దండగ అనేవాళ్ళతో నేను ఇప్పటికీ కలవను. నా బాధంతా ఆ చదువును మేము కొన్న తీరు గురించే.

2021 సంగతి గుర్తుండే ఉంటుంది. కరోనా వల్ల ఇంటర్ పరీక్షలే జరగలేదు, అందర్నీ పాస్ చేసి జూలై ఆఖర్లో మార్కులిచ్చారు. ఈఏపీసెట్ ఆగస్టులో. దానికి ఇంకా మూడు వారాలుందనగా మా అరుగు మీదికి ఇద్దరొచ్చారు. ఒకాయన టై కట్టుకున్న పీఆర్వో. రెండో ఆయన మా అమ్మాయికి ఇంటర్‌లో ఫిజిక్స్ చెప్పిన మాస్టారు. ఆ మాస్టారిని చూసే నేను కుర్చీలు వేశాను, చెట్టు దింపించి బొండాలు కొట్టించాను. జూనియర్ కాలేజీల నుంచి పిల్లల ఫోన్ నంబర్ల లిస్టు వీళ్ళకు చేరుతుందని, చేర్పించిన ఒక్కో పిల్లకు ఇంతని కమీషన్ ముడుతుందని నాకు తర్వాత తెలిసింది.

“సీఎస్‌ఈ సీట్లు నాలుగే మిగిలాయమ్మా, ఎల్లుండికి ఇవీ ఉండవు” అన్నాడు పీఆర్వో. సీఎస్‌ఈ అంటే కంప్యూటర్ ఇంజనీరింగ్. రంగుల పుస్తకంలో నవ్వుతున్న పిల్లల ఫొటోలు చూపించాడు. ఒక్కో ఫొటో కింద ఒక కంపెనీ పేరు, ఒక జీతం. 25,000 అడ్వాన్సు కడితే సీటు మనదేనట, ర్యాంకు ఎంతొచ్చినా దిగులు లేదట. నేను లోపలికెళ్ళి బీరువాలోంచి డబ్బు తెచ్చాను. మా అమ్మాయి టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు ఉన్న కవరు తెచ్చింది. టెన్త్ మెమో మూల మడతపడితే బొటనవేలితో రెండుసార్లు సాపు చేసి మరీ ఇచ్చింది. ఆయన అన్నీ తన బ్యాగులో పెట్టుకుని, ఒక తెల్లకాగితం మీద “రిసీవ్డ్” అని రాసి సంతకం చేశాడు. కాలేజీ ముద్ర లేదు, రసీదు నంబరు లేదు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

సెప్టెంబరులో ర్యాంకు వచ్చింది, 40 వేల లోపు. మాది బీసీ. కౌన్సెలింగ్‌కు వెళ్తే కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వం ఇచ్చే సీట్లలో, మంచి కాలేజీలోనే సీటొచ్చేదని మా అమ్మాయి స్నేహితురాలిని చూశాక తెలిసింది. ఆ పిల్లది మా అమ్మాయికన్నా వెనక ర్యాంకు. ఆమెకు ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చింది, ఫీజు విద్యాదీవెన కింద ప్రభుత్వమే కట్టింది. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి, 30 శాతం మేనేజ్‌మెంట్‌వి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాలో చేరినవాళ్ళకే. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రైస్ కార్డు ఉన్నా, ఆదాయం రెండున్నర లక్షల లోపున్నా ఒక్క పైసా రాదు. ఈ ముక్క ఆ రోజు అరుగు మీద కూర్చున్న ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు. అడగాలనే తెలియదు నాకు.

కౌన్సెలింగ్‌కు పంపుదామని సర్టిఫికెట్ల కోసం కాలేజీకి వెళ్ళాను. “సీటు వదులుకుంటే నాలుగేళ్ళ ఫీజు కట్టి తీసుకెళ్ళండి” అన్నారు. నాలుగేళ్ళంటే 4,80,000. నాకు కాళ్ళాడలేదు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని “పోనీలే అమ్మా, ఇక్కడే చదువుతాను, సీఎస్‌ఈ కదా” అంది. నేను సరే అని వచ్చేశాను. నాలుగేళ్ళ తర్వాత కూడా ఆ ఒక్క పూట గురించే నాకు నిద్ర పట్టదు. ఎందుకంటే వాళ్ళు చెప్పింది అబద్ధం. క్లాసులు మొదలవకముందే సీటు వదులుకుంటే, ప్రాసెసింగ్ కింద 1,000 రూపాయలకు మించకుండా పట్టుకుని మిగతాదంతా వెనక్కివ్వాలని ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ నిబంధన ఉంది. పిల్లల ఒరిజినల్స్ కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదని 2018 అక్టోబరులో యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్‌లోనూ ఉంది. సర్టిఫికెట్లు చూసి, సరిపోల్చుకుని, అక్కడికక్కడే తిరిగి ఇచ్చెయ్యాలి. కౌంటర్ దగ్గర ఈ రెండు మాటలు అనగలిగితే చాలు, కథ వేరేగా ఉండేది. మీరు వెళ్ళేటప్పుడు రెండు కాగితాలూ ప్రింటు తీయించుకుని వెళ్ళండి.

వినియోగదారుల కోర్టు ఉంది కదా అంటారేమో. అమలాపురంలో లాయరుగారిని అడిగాను. చదువు సరుకు కాదని, అడ్మిషన్లు, ఫీజుల తగాదాలు వినియోగదారుల ఫోరం వినకూడదని 2012లో సుప్రీంకోర్టు అన్న మాటను కాలేజీల తరఫువాళ్ళు అడ్డం పెడతారని, అక్కడ మనకు తేలిగ్గా దారి దొరకదని చెప్పారాయన. ఫ్రిజ్ చెడిపోతే వెళ్ళినట్టు దీనికి వెళ్ళలేం. అందుకే డబ్బు చెయ్యి దాటకముందే చూసుకోవాలి.

ఇక ఖర్చు. పీఆర్వో చెప్పింది ఏడాదికి 1,20,000 మాత్రమే. బస్సు 28,000 అని చేరిన వారానికి తెలిసింది. పరీక్ష ఫీజులు, లైబ్రరీ, ఇంకా ఏవేవో పేర్లతో ఏడాదికి 11,000. మూడో ఏడాది ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ అని 30,000, వద్దంటే ప్లేస్‌మెంట్ లిస్టులో పేరుండదన్నారు. ల్యాప్‌టాప్ 52,000. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద మీకందరికీ గుర్తే. మా తోటలో పీకల్లోతు నీళ్ళు, అరటి మొత్తం కుళ్ళిపోయింది. ఫీజు నెల ఆలస్యమవుతుందని కాలేజీకి ఫోన్ చేస్తే రోజుకు 50 రూపాయల ఫైన్ వేశారు. కట్టాను. అది పై లెక్కలో కూడా లేదు.

బ్యాంకు లోను సంగతి కాస్త నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే చాలామంది తల్లులు నాలాగే పొరబడుతున్నారు. నాలుగు లక్షల దాకా ఆస్తి తనఖా అడగరు, తల్లో తండ్రో సంతకం పెడితే చాలు. నేనే పెట్టాను. ఏడాదికి లక్ష చొప్పున ఇచ్చారు, వడ్డీ 10.5 శాతం. చదువైన ఏడాది తర్వాతే కిస్తీ మొదలు అన్నారు. కిస్తీ లేదంటే వడ్డీ కూడా లేదనుకున్నాను నేను. వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంది. మొదటి లక్షకు ఐదేళ్ళు, రెండో లక్షకు నాలుగు, మూడోదానికి మూడు, నాలుగోదానికి రెండు. మొత్తం 1,47,000. అంటే కిస్తీ మొదలయ్యే నాటికి నాలుగు లక్షలు కాస్తా 5,47,000 అయి కూర్చుంది. పదేళ్ళకు కడితే నెలకు 7,380 చిల్లర. మా అమ్మాయి జీతంలోంచి ఇదీ, హాస్టల్ 7,500 పోతే చేతిలో మిగిలేది 2,600. బస్సు, ఫోను, మందులు, సబ్బులు అన్నీ దాంట్లోనే. కట్టకపోతే సిబిల్, అంటే అప్పు తీర్చే తీరుకు వేసే మార్కు, దానిదీ నాదీ ఇద్దరిదీ పోతుంది. నా ఏడు కాసుల గొలుసు ఇంకా కుదువలోనే ఉంది.

చదువు ఎలా చెప్పారని అడుగుతారు. పిల్లను నేను తక్కువ చేయను. పొద్దున్న ఆరుంబావుకు సెంటర్లో బస్సెక్కి రాత్రి ఏడింటికి దిగేది, అన్నం తింటూ పుస్తకం పట్టుకునేది, ఒక్క బ్యాక్‌లాగ్ లేకుండా పాసైంది. ల్యాబులో సగం కంప్యూటర్లు ఆన్ అయ్యేవి కావట. ఒక సబ్జెక్టుకు ఒక్క సెమిస్టర్‌లో ముగ్గురు మాస్టార్లు మారారు. ఇన్‌స్పెక్షన్ వచ్చిన రోజు మాత్రం ఎన్నడూ చూడని సార్లు వచ్చి కూర్చునేవారట.

చివరి ఏడాది “వంద శాతం ప్లేస్‌మెంట్” అంటే ఏమిటో అర్థమైంది. టెన్త్ నుంచి అన్నిట్లో 60 శాతం ఉండి, బ్యాక్‌లాగ్ లేకుండా, ట్రైనింగ్ డబ్బు కట్టినవాళ్ళనే “ఎలిజిబుల్” అంటారు. ఆ కొద్దిమందిలోంచి లెక్క వేస్తారు. ఒకే పిల్లకు రెండు ఆఫర్లొస్తే రెండుగా రాస్తారు. మా అమ్మాయికి ఇచ్చిన ఆఫర్ లెటర్‌లో మూడు నెలలు జీతం లేని శిక్షణ, ఆపైన లక్షన్నర డిపాజిట్ కడితే ఉద్యోగం అని ఉంది. మేము కట్టలేదు. కాలేజీ ఫ్లెక్సీలో మాత్రం మా అమ్మాయి ఫొటో ఉంది. ఆ రోడ్డున వెళ్ళాల్సివస్తే నేను తల అటు తిప్పను.

మరి చేరేముందు ఏం చూడాలి? ఫ్లెక్సీ వదిలేయండి. కేంద్ర ప్రభుత్వం కాలేజీలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కు దరఖాస్తు చేసిన ప్రతి కాలేజీ తాను పంపిన లెక్కల్ని తన వెబ్‌సైట్‌లోనే పెట్టాలి. అందులో ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ళ మీడియన్ జీతం ఎంత అనేవి ఉంటాయి. మీడియన్ అంటే అందర్నీ జీతం ప్రకారం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న పిల్ల జీతం. అత్యధిక ప్యాకేజీ ఒక్కరిది, మీ పిల్ల నిలబడేది ఆ వరుస మధ్యలో ఎక్కడో. న్యాక్, ఎన్‌బీఏ అనేవి కాలేజీల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థలు. న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానిది, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి బ్రాంచి విడిగా వస్తుంది. “మాకు ఎన్‌బీఏ ఉంది” అంటే ఏ బ్రాంచికి, ఏ ఏడాది వరకు అని అడగండి. మెకానికల్‌కు ఉండి సీఎస్‌ఈకి లేకపోవచ్చు. లోను కావాలంటే 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి అనే కేంద్ర ప్రభుత్వ చదువు లోను పథకం జాబితాలో ఆ కాలేజీ ఉందో లేదో చూడండి. ఆ పథకం 860 సంస్థలతో మొదలైంది. వీటన్నిటికన్నా ముందు, మధ్యాహ్నం కాలేజీ గేటు దగ్గర నిలబడి మూడో ఏడాది పిల్లల్ని ఇద్దర్ని పలకరించండి. పిల్లలు నిజం చెప్తారు.

మా ఆడపడుచు కొడుకు దారి వేరు. టెన్త్ అవగానే పాలిసెట్ రాసి కాకినాడలో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చేరాడు. ఏడాదికి ఐదువేల లోపు ఫీజు. మూడేళ్ళ డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి తిన్నగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్ళాడు. మా ఊళ్ళో పాలిటెక్నిక్ అంటే తక్కువ చూపు, మా వదిన్ని నేనే అప్పట్లో వారించాను. ఇవాళ వాళ్ళింట్లో అప్పు లేదు. అందరికీ అదే దారి సరిపోతుందని చెప్పను, అలాంటిది కూడా ఒకటి ఉందని పీఆర్వోలు చెప్పరు కాబట్టి చెప్తున్నాను. కన్వీనర్ సీటు వచ్చినా రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమైతే కాలేజీలు పిల్లల్ని నిలదీస్తాయి, ఆ చికాకు ఉంది. అయినా అది మోయగలిగే చికాకు.

ఇవన్నీ ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా చిన్నది ఇంటర్ రెండో ఏడాదిలో ఉంది. మొన్న శుక్రవారం ఫోనొచ్చింది. “అమ్మా, మీ పెద్దమ్మాయి మా కాలేజీయే కదా, చిన్నమ్మాయికి ఫీజులో పదివేలు తగ్గిస్తాం, సర్టిఫికెట్లు రెడీగా పెట్టుకోండి” అన్నాడు. కొత్త గొంతు, అవే మాటలు. ర్యాంకు వచ్చాక కౌన్సెలింగ్‌లో చూసుకుంటాం బాబూ అన్నాను. సీట్లు నాలుగే ఉన్నాయన్నాడు. ఉండనీ అని పెట్టేశాను. మళ్ళీ పక్కింటి వాళ్ళకు చేశాడు, వాళ్ళ అబ్బాయిదీ ఇంటరే. నేను గోడ దూకినంత పని చేసి వెళ్ళి ఆవిడ చేతిలో ఫోను ఆపించాను.

నాలుగేళ్ళ రసీదులు, ఆ తెల్లకాగితం, బ్యాంకు స్టేట్‌మెంటు అన్నీ ఒక ఫైల్లో పెట్టాను. డ్వాక్రా మీటింగుకు తీసుకెళ్ళి మా గ్రూపులో పదిమందికీ చూపించాను. ఈ వారం పక్క ఊరి గ్రూపువాళ్ళు రమ్మన్నారు, ఆదివారం వెళ్తున్నాను.