జాగ్రత్త: ‘అడవి రంగులు’ కొనేముందు ఒక నిమ్మకాయ, కాస్త సున్నం దగ్గర పెట్టుకోండి

కలంకారీ నేర్చుకుంటున్నవాళ్ళు, పిల్లలకు సహజ రంగులు కొనిపెట్టాలని చూస్తున్న తల్లిదండ్రులు దయచేసి ఇది చదవండి. పోయిన నెల 2,400 రూపాయలు పెట్టి ఒక సెట్ కొన్నాను. అడవిలో ఏరిన పూలు, బెరళ్ళు, వేర్లతో చేత్తో చేసిన రంగులట. పిల్లలు నోట్లో పెట్టుకున్నా ఏమీ కాదట. డబ్బా మీద అలాగే రాసి ఉంది. లోపల నాలుగు సీసాలు: కసిమి నలుపు (ఇనుము, బెల్లం పులియబెట్టి చేసేది), పసుపుకొమ్ముల పసుపు, శంఖుపుష్పాల నీలం, మంజిష్ఠ ఎరుపు.

అమ్మ కోసం ఒక చున్నీ మొదలుపెట్టాను. రెండు రోజులు కూర్చుని గుడ్డకు కరక్కాయ పట్టించి, ఆరబెట్టి, నెమలి గీశాను. రంగు బాగా ఆరాక బకెట్లో జాడిస్తే నెమలి మెడ దగ్గర్నుంచి నల్లటి చార జారి కింద అంచుదాకా పాకింది. నీళ్ళు సిరా ఒలికినట్టు అయ్యాయి. ఏడుపొచ్చింది.

అసలు కసిమి అలా కారదు. శ్రీకాళహస్తి పద్ధతిలో తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. మూత తీస్తే పులిసిన బెల్లం, తుప్పు కలిసిన వాసన గుప్పుమంటుంది. ఆ నీళ్ళకు సొంతంగా నల్ల రంగు ఉండదు. కరక్కాయ పొడి, గేదెపాలు పట్టించిన గుడ్డ మీద కలం పెట్టినప్పుడు కరక్కాయలోని వగరు, ఈ ఇనుము కలిసి గీత నల్లబడుతుంది. పాలలోని కొవ్వు వల్ల గీత పక్కకు పాకదు. అలా పట్టిన నలుపు ఉతికితే పోయేది కాదు.

అప్పుడు సీసా మూత తీసి వాసన చూశాను. ఏ వాసనా లేదు. కరక్కాయ పట్టించని పాత పంచె ముక్క మీద ఒక గీత గీస్తే, గీసీ గీయగానే కాటుకలా నల్లగా వచ్చింది. అసలు కసిమి అయితే అక్కడ తుప్పు మరక లాంటిది పడాలి, అంతే.

ఇక మిగతావీ చూద్దామనుకున్నాను. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా పారాణి అవుతుందని మన ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ పసుపు రంగు చెంచాడు తీసి, తమలపాకులకు వాడే సున్నం కలిపాను. కాసేపు ఆగి చూసినా రంగు మారలేదు. శంఖుపుష్పాల నీలంలో నిమ్మకాయ పిండాను, అదీ మారలేదు. మా బాల్కనీలో తీగకు పూసిన నాలుగు పూలు వేడినీళ్ళలో వేసి, అదే నిమ్మకాయ పిండితే నీళ్ళు వెంటనే వంకాయ రంగుకు తిరిగాయి.

ఎరుపును ఎలా పరీక్షించాలో నాకు తెలియలేదు. కానీ కలంకారీలో పటిక పూసిన గుడ్డను మంజిష్ఠ లాంటి వేర్లు వేసిన నీళ్ళలో ఉడికిస్తేనే ఎరుపు పడుతుంది. సీసాలోంచి తీసి నేరుగా పూస్తే చాలు అన్నప్పుడే నేను అడగాల్సింది. మీరైనా అడగండి.

నీలిమందు (ఇండిగో) కొనేవాళ్ళకు ఒక మాట. అది మామూలు నీళ్ళలో కరగదు. వేయగానే నీళ్ళు సిరాలా తేటగా నీలంగా మారితే అనుమానించండి. కరగనంత మాత్రాన చెట్టు నుంచి వచ్చిందని కూడా కాదు, ఫ్యాక్టరీలో చేసిన నీలిమందు కూడా కరగదు.

అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే ‘సహజ రంగులు బ్యాచ్ బ్యాచ్‌కి మారతాయి మేడమ్’ అన్నారు. షేడ్ మారుతుంది, ఒప్పుకుంటాను. పసుపు సున్నంతో ఎర్రబడకుండా పోతుందా? మూత తీసిన సీసాలు వెనక్కి తీసుకోం అన్నారు. బిల్లు అడిగితే ఇప్పటికీ పంపలేదు. లేబుల్ మీద ఏం కలిపారో, ఎప్పుడు తయారుచేశారో లేదు. ఇవి నేను డబ్బు కట్టకముందే చూసుకోవాల్సినవి. ఫోన్‌లో డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్, డబ్బా ఫోటోలు దాచుకున్నాను కాబట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయబోతున్నాను. మీరు ఏది కొన్నా బిల్లు మాత్రం వదలకండి.

నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆ ‘నోట్లో పెట్టుకున్నా ఏమీ కాదు’ అన్న మాట. నిజంగా ప్రకృతిలో దొరికినవైనా ఆ మాట అనడానికి లేదు. హరిదళం మట్టిలో దొరికే పసుపుపచ్చటి రాయే, అందులో ఆర్సెనిక్ ఉంటుంది. ఇంగిలీకం ఎర్రటి రాయి, అందులో పాదరసం ఉంటుంది. బొమ్మలు వేయడానికి రంగులుగా ఈ రెండూ ఏనాటి నుంచో వాడుతున్నవే. ఇక ఈ సీసాల్లో ఏముందో మనకు తెలియనే తెలియదు. మా అక్క కూతురికి నాలుగేళ్ళు, కుంచె కనిపిస్తే ముందు నోట్లోనే పెట్టుకుంటుంది. ఈ సెట్ దానికే పుట్టినరోజు కానుకగా ఇద్దామనుకున్నాను.

ఇలాంటి సెట్ ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే, ఈ రాత్రికే పిల్లలకు అందకుండా పైన పెట్టేయండి. సున్నం, నిమ్మకాయ సంగతి రేపు చూసుకోవచ్చు.