విట్బీ గట్టు మీద నడక, పటిక కథ, పబ్ భోజనం

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉండే మేం ఎనిమిదిమంది కలిసి ఓ ఆదివారం విట్బీ నుంచి రాబిన్ హుడ్స్ బే దాకా సముద్రపు గట్టు మీద నడిచాం. దూరం సుమారు 11 కిలోమీటర్లు. నాలుగు గంటలు పట్టింది, అందులో గంట ఫొటోలకే పోయింది.

మొదట 199 మెట్లు. "తిరుమల 3,550 మెట్లు ఎక్కినవాళ్లం, ఇదో లెక్కా?" అన్న మా బావగారు నూరో మెట్టు దగ్గర నిలబడిపోయి, సముద్రం చూస్తున్నానన్నారు. పైన ఉన్నది 657లో మొదలైన మఠం. ఈస్టర్ ఏ రోజు చేసుకోవాలో తేల్చిన 664 నాటి సభ ఇక్కడే జరిగింది. ఇప్పుడు మిగిలిన శిథిలాలు ఆ తర్వాతి కాలానివి. టికెట్ కొనకపోయినా దారి మీంచే బాగా కనిపిస్తాయి.

నాకు బాగా నచ్చింది దారిలో వచ్చే సాల్ట్‌విక్. ఆ బోడి నల్ల కొండ ఒకప్పటి పటిక గని. రాయిని తవ్వి, కుప్పపోసి, నెలల తరబడి కాల్చి, నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని మరిగించేవాళ్లు. పటిక గడ్డ కట్టడానికి సముద్రపు నాచు బూడిదో, పులిసిన మూత్రమో కలిపేవాళ్లు. ఆ మూత్రం లండన్ నుంచి కూడా ఓడల్లో వచ్చేదట! మన కలంకారీలో లాగే ఇక్కడి ఉన్ని బట్టలకూ రంగు పట్టాలంటే పటిక కావాలి మరి. ఈ తీరంలో ఆ పని 1871తో ఆగిపోయింది. గుమ్మానికి పటిక కట్టే మా అత్తగారికి మాత్రం ఈ సంగతి చెప్పదలుచుకోలేదు.

సాల్ట్‌విక్ దాటాక దుకాణం లేదు, నీళ్లు లేవు. వాన పడితే బురద. గట్టు అంచు విరిగిపడుతుంటుంది, పిల్లలుంటే చెయ్యి వదలొద్దు.

రాబిన్ హుడ్స్ బే ఒకప్పుడు దొంగసరుకు దిగిన ఊరు. 1881 జనవరిలో ఇక్కడ ఓడ మునిగిపోతుంటే, విట్బీ వాళ్లు లైఫ్‌బోట్‌ను మంచులో ఆరు మైళ్లు గుర్రాలతో, మనుషులతో లాక్కొచ్చి ఆరుగురినీ కాపాడారు. ఉత్త చేతులతో నడిచొచ్చిన మాకే కాళ్లు పీకుతున్నాయి.

పబ్‌లో ముందే బుక్ చేసుకోకపోవడం మా తప్పే, నలభై నిమిషాలు నిలబడ్డాం. హాడాక్ చేప కరకరలాడుతూ అద్భుతంగా ఉంది. కానీ యార్క్‌షైర్‌లో చాలాచోట్ల చేపనీ, చిప్స్‌నీ గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు. అడిగితే అక్కడా అంతేనన్నారు. శాకాహారి అయిన మా అక్క సూప్, బ్రెడ్‌తో సరిపెట్టుకుంది. పట్టింపు ఉన్నవాళ్లు ఆర్డర్‌కు ముందే అడగండి.

ఇంకో మాట. పబ్ సముద్రం పక్కన, బస్ స్టాప్ నిట్టనిలువు రోడ్డు పైన. ఇది ముందే తెలిసుంటే ఆ టాఫీ పుడ్డింగ్ జోలికి వెళ్లేవాణ్ణి కాదు.