ఫిఫ్త్ వీలా, ట్రావెల్ ట్రైలరా: మొదటి లాంగ్ ట్రిప్‌కి ఏది మేలు?

వేసవి సెలవులు దగ్గరపడేసరికి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది: "మూడు నాలుగు వారాలు అమెరికా చుట్టి రావాలనుకుంటున్నాం. ట్రైలర్ లాగడం ఇదే మొదలు. ఫిఫ్త్ వీల్ కొనమంటారా, మామూలు ట్రావెల్ ట్రైలర్ సరిపోతుందా?" రెండూ పికప్ ట్రక్కుకి కట్టి లాగే చక్రాల ఇళ్లే: ట్రావెల్ ట్రైలర్ ట్రక్కు వెనక బంపర్ దగ్గర తగులుతుంది, ఫిఫ్త్ వీల్ ముక్కు ట్రక్కు వెనక సామాను తొట్టి (బెడ్)లో కూర్చుంటుంది. ఫ్లోర్ ప్లాన్లు, స్లయిడ్‌అవుట్లు (ఆగాక పక్కకి జరిపి పెంచుకునే గదులు) ఈపాటికి అందరూ చూసేసే ఉంటారు, వాటి జోలికి పోను. రోడ్డెక్కాక తేడా ఎక్కడ తెలుస్తుంది, కొత్తవాళ్లు ఎక్కడ ఇరుక్కుంటారు అన్నదే ఇక్కడ అసలు సంగతి.

నడపడం వరకే చూస్తే నా ఓటు ఫిఫ్త్ వీల్‌కే. ట్రావెల్ ట్రైలర్ ముందు బరువంతా బంపర్ కిందుండే బాల్ మీద పడుతుంది. ఆ బాల్, ట్రక్కు వెనక ఇరుసుకి నాలుగైదు అడుగులు వెనక ఉంటుంది. పెద్ద సెమీ ట్రక్కు పక్కనుంచి దూసుకుపోయినప్పుడు ఆ గాలి ట్రైలర్‌ని తోస్తుంది, ట్రైలర్ బాల్‌ని పక్కకి నెడుతుంది, బాల్ ట్రక్కు తోకని ఊపుతుంది. ఫిఫ్త్ వీల్‌లో కింగ్‌పిన్ (ట్రైలర్ ముక్కు కింద ఉండే ఉక్కు పిన్) ఆ ఇరుసుకి సరిగ్గా పైన, లేదా కొద్ది అంగుళాలు ముందు కూర్చుంటుంది. అంత దగ్గర నుంచి ఎంత తోసినా ట్రక్కు తోక తిరగడం కష్టం. ట్రావెల్ ట్రైలర్‌కి ఆ స్థిమితం రావాలంటే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (బాల్ మీది బరువుని మిగతా ఇరుసులకీ పంచే తగిలింపు), స్వే కంట్రోల్ (ఊగుడు తగ్గించే పరికరం) సరిగ్గా అమర్చుకోవాలి, బాల్ మీద బరువు మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండేలా సామాను సర్దుకోవాలి. పదికి తగ్గిందంటే ఊగుడు మొదలైనట్టే.

రివర్స్‌లో ట్రావెల్ ట్రైలర్ స్టీరింగ్ కదిపీ కదపగానే తిరుగుతుంది. ఫిఫ్త్ వీల్ నిదానం, స్టీరింగ్ ఎక్కువ తిప్పాలి, కానీ తప్పు చేస్తే దిద్దుకునే వ్యవధి ఇస్తుంది. మలుపుల్లో మాత్రం ఫిఫ్త్ వీల్ చక్రాలు లోపలికి ఎక్కువ కోసుకుపోతాయి. పెట్రోల్ బంకులో పంపు దగ్గరుండే పసుపు స్తంభాలకి పక్క గీరుకునేది ఇందుకే. ట్రక్కుని మలుపు దాటి బాగా ముందుకి పోనిచ్చి, ఆ తర్వాతే తిప్పాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఏది కొనాలో తేల్చేది ఇవేవీ కావు. తేల్చేది డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్తంభానికి అతికించి ఉండే పసుపు, తెలుపు రంగుల స్టిక్కర్. మనుషులు, సామాను కలిపి ఇంత బరువు మించకూడదని పౌండ్లలో రాసి ఉంటుంది. అదే మీ పేలోడ్. డీలర్ చెప్పే టోయింగ్ కెపాసిటీ వేరు, ఇది వేరు. లాగగలగడం ఇంజను పని, మోయగలగడం స్ప్రింగులు, ఇరుసు, టైర్ల పని.

లెక్క వేసి చూద్దాం. ముప్పావు టన్ను డీజిల్ ట్రక్కు, స్టిక్కర్ మీద 2,400 పౌండ్లు ఉందనుకోండి. (హాఫ్, ముప్పావు, ఒక టన్ను అనేవి పికప్ ట్రక్కుల తరగతుల పేర్లే, అవి మోసే అసలు బరువు కాదు.) డీజిల్ ఇంజనే బరువు కాబట్టి ఈ తరగతిలో ఇలాంటి అంకె మామూలే. సామానుతో కలిపి 11,000 పౌండ్లు తూగే ఫిఫ్త్ వీల్ తగిలిస్తే, పిన్ మీద బరువు 20 శాతం చొప్పున 2,200. హిచ్ 150. నలుగురు మనుషులు 600. పనిముట్లు 100. మొత్తం 3,050. డీలర్ "ఈ ట్రక్కు 15,000 లాగుతుంది" అన్న మాటలో అబద్ధం లేదు, అయినా మీరు 650 పౌండ్లు పైన ఉన్నారు. అదే ట్రక్కుకి 8,000 పౌండ్ల ట్రావెల్ ట్రైలర్ కడితే: బాల్ మీద 13 శాతం చొప్పున 1,040, హిచ్ 100, మనుషులు 600, వెనక బెడ్‌లో సామాను 200, మొత్తం 1,940. ఇంకా 460 మిగులుతుంది.

బ్రోషర్‌లో పిన్ వెయిట్ 1,700 అని చూసి ధైర్యపడొద్దు. అది ఖాళీ ట్రైలర్ అంకె. బ్యాటరీలు, రెండు ప్రొపేన్ సిలిండర్లు, సామాన్ల అర సాధారణంగా ముందు భాగంలోనే ఉంటాయి, అక్కడ పెట్టిన ప్రతిదీ నేరుగా పిన్ మీదకే వస్తుంది. నీళ్లు గాలనుకి 8.3 పౌండ్లు. 60 గాలన్ల ట్యాంకు నింపితే 500 పౌండ్లు. ట్యాంకు ఇరుసులకి ముందుంటే అందులో కొంత పిన్ వాటాకి పోతుంది.

కాబట్టి హాఫ్ టన్ను ట్రక్కు ఉన్నవాళ్లకి ట్రావెల్ ట్రైలరే. "హాఫ్ టన్ టోవబుల్" (హాఫ్ టన్ను ట్రక్కుతో లాగొచ్చు) అని రాసున్న ఫిఫ్త్ వీళ్లు కూడా నలుగురెక్కేసరికి చాలా ట్రక్కులకి లెక్క దాటిపోతాయి. ఒక టన్ను ట్రక్కు ఉంటే చాలా ఫిఫ్త్ వీళ్లకి ఇబ్బంది ఉండదు, అయినా స్టిక్కర్ ఒకసారి చూసుకోవాలి. ముప్పావు టన్నువాళ్లు స్టిక్కర్ ఫొటో తీసుకుని, పైన వేసిన లెక్క తమ అంకెలతో వేసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి. ట్రక్కు బెడ్ ఎనిమిది అడుగుల కంటే పొట్టిదైతే మలుపులో ట్రైలర్ ముక్కు క్యాబ్ వెనక అద్దాన్ని తాకే ప్రమాదం ఉంది, స్లయిడర్ హిచ్ (మలుపులో పిన్‌ని వెనక్కి జరిపేది) అవసరం కావచ్చు, దాని బరువు కూడా కలుపుకోవాలి.

ఫిఫ్త్ వీలే ఎంచుకున్నాక, మొదటి ట్రిప్‌లో అన్నిటికన్నా జాగ్రత్తగా నేర్చుకోవాల్సింది తగిలించడం. ముందు ట్రైలర్ చక్రాలకి చాక్స్ (కదలకుండా ఆపే అడ్డు దిమ్మలు) పెట్టండి, టెయిల్‌గేట్ (ట్రక్కు బెడ్ వెనక తలుపు) దించండి. పిన్ చుట్టూ ఉండే పలక, హిచ్ పలక కంటే అర నుంచి ఒక అంగుళం కిందికి ఉండాలి. అప్పుడు వెనక్కి వస్తున్న ట్రక్కే ట్రైలర్‌ని కాస్త ఎత్తుకుని లోపలికి తీసుకుంటుంది. పిన్ మరీ ఎత్తులో ఉంటే హిచ్ దవడలు పిన్ మెడని కాకుండా కింది అంచుని పట్టుకుంటాయి. చూడ్డానికి లాక్ అయినట్టే ఉంటుంది, మొదటి గతుకులోనే జారి ట్రైలర్ వచ్చి బెడ్ అంచుల మీద పడుతుంది. అందుకే టార్చ్ వేసి రెండు పలకల మధ్య సందు లేదని, దవడలు మెడ చుట్టూ మూసుకున్నాయని కళ్లారా చూడాలి. ఆ తర్వాత కరెంటు కేబుల్, బ్రేక్‌అవే తీగ (ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు వేసేది) తగిలించి, ట్రైలర్ ముందు కాళ్లు నేలకి ఒక్క అంగుళం మాత్రమే పైకి లేపి, చాక్స్ తీయకుండానే, ట్రక్కులో ఉండే బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకులు వేసేది) మీట చేత్తో నొక్కి పట్టుకుని ట్రక్కుని మెల్లగా ముందుకి లాగండి. పట్టు ఊడినా ట్రైలర్ అంగుళమే దిగుతుంది.

ఎత్తు మరో సంగతి. ఫిఫ్త్ వీళ్లు చాలావరకు 13 అడుగుల చుట్టుపక్కల ఉంటాయి. ట్రక్కుకి తగిలించాక పైన ఏసీ దాకా మీరే కొలిచి, ఆ అంకె డ్యాష్‌బోర్డ్ మీద అతికించుకోండి. కార్ల కోసం చేసిన మ్యాపులకి మీ ఎత్తు తెలియదు. ఇలాంటి చక్రాల ఇళ్ల (ఆర్‌వీల) కోసం చేసిన నావిగేషన్ వాడాలి. కాలిఫోర్నియా లైసెన్సు ఉన్నవాళ్లు ఇంకొకటి గమనించాలి: ఫిఫ్త్ వీల్ జీవీడబ్ల్యూఆర్ (సామానుతో కలిపి ట్రైలర్ తూగడానికి తయారీదారు పెట్టిన గరిష్ఠ బరువు) 15,000 పౌండ్లు దాటితే నాన్-కమర్షియల్ క్లాస్ ఏ లైసెన్సు కావాలి.

మోటర్‌హోమ్ సంగతీ కొందరు అడుగుతున్నారు. ట్రక్కు లేనివాళ్లు, ఒక్క ట్రిప్‌తో సరిపెట్టుకునేవాళ్లు క్లాస్ సీ (వ్యాన్ ముందు భాగం మీద కట్టిన మోటర్‌హోమ్) అద్దెకి తీసుకోవడం మంచిదే. కాకపోతే పాలు తేవాలన్నా ఇల్లంతా కదిలించాల్సిందే.

రెండిట్లో ఏది తీసుకున్నా రోజుకి 300 మైళ్లు దాటొద్దు, మధ్యాహ్నం మూడింటికల్లా క్యాంపుకి చేరండి. చీకట్లో కొత్త సైట్‌లోకి రివర్స్ చేయడం మొదటి వారంలోనే నేర్చుకునే పని కాదు. మొదటి 50 మైళ్లలోపు రెండు మూడుసార్లు ఆగి చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో చూసుకోండి.

బయల్దేరిన రోజే, సామాను, మనుషులు, ట్యాంకు నిండా ఇంధనంతో దారిలోని ట్రక్ స్టాప్ కాటా మీద ట్రైలర్‌తో ఒకసారి తూచండి: ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు విడివిడిగా వస్తాయి. వీలైన చోట ట్రైలర్ విప్పి ఒక్క ట్రక్కునే, అదే మనుషులతో, అంతే ఇంధనంతో మళ్లీ తూచండి. ట్రక్కు రెండు తూకాల మధ్య తేడాయే మీ అసలు పిన్ బరువు. వెనక ఇరుసు అంకె తలుపు దగ్గర రాసున్న వెనక ఇరుసు పరిమితిని దాటితే, ముందు అరలోని బరువైన సామాను ట్రైలర్ ఇరుసుల వెనక్కి మార్చండి, కానీ పిన్ వాటా 15 శాతానికి తగ్గనివ్వొద్దు. నీళ్లు ప్రయాణంలో పావు ట్యాంకు చాలు, మిగతాది క్యాంపులో నింపుకోవచ్చు.