పాత ఓల్డ్ టౌన్ కనూ, దాని పుట్టుపూర్వోత్తరాలు: నా రివ్యూ

బోస్టన్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లు చాలామంది వేసవిలో చార్లెస్ నదిలో కనూలు, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవలు, అద్దెకు తీసుకుంటారు. అలా మొదలైన సరదాతోనే నేను ఒక పాత చెక్క కనూ కొన్నాను. పొడవు 16 అడుగులు. పైన ఎర్ర రంగు పెచ్చులుగా లేచిపోయింది, లోపల కొన్ని బద్దలు విరిగాయి. అమ్మినావిడకి తెలిసింది ఒక్కటే: వాళ్ల నాన్నగారు ఒక సమ్మర్ క్యాంప్ మూతపడినప్పుడు దాన్ని కొన్నారట.

ఈ రివ్యూ ముఖ్యంగా వుడెన్ కనూ హెరిటేజ్ అసోసియేషన్ గురించి. 1979 నుంచి నడుస్తున్న లాభాపేక్ష లేని సంస్థ ఇది. నా కనూ చేసింది మెయిన్ రాష్ట్రంలోని ఓల్డ్ టౌన్ కంపెనీ. తను చేసిన దాదాపు ప్రతి కనూకీ అది ఒక కార్డు రాసి ఉంచింది. ఆ కార్డుల్ని స్కాన్ చేశారు. పడవ కొసన లోపలి చెక్క మీద కొట్టిన సీరియల్ నంబర్ చెబితే, సంఘం వాలంటీర్లు మన కార్డు వెతికి పెడతారు. డబ్బు అడగరు.

నా కార్డు చూసి నిజంగా ఆశ్చర్యపోయాను. మోడల్, గ్రేడు, ఏ చెక్క వాడారు, చెక్క మీద కాన్వాస్ గుడ్డ ఏ తేదీన బిగించారు, ఆ గుడ్డ నేతను పూడ్చే ఫిల్లర్ ఎప్పుడు పూశారు, ఏ రంగు వేశారు, ఎప్పుడు ఎక్కడికి పంపారు, అన్నీ చేతిరాతలో ఉన్నాయి. నాది 1920ల నాటిది. గ్రేడు సి.ఎస్., అంటే 'కామన్ సెన్స్'. ఖరీదైన ఎ.ఎ. గ్రేడులో మహాగనీ చెక్క వాడేవారు, ఇందులో అంచులకు స్ప్రూస్ చెక్క వేశారు. మొదట వేసిన రంగు ముదురు ఆకుపచ్చ. పంపింది బోస్టన్‌లోని ఒక దుకాణానికి. మా ఇంటికి ఇంత దగ్గరకే వచ్చిందా అని ఎంత సంతోషం వేసిందో! ఆ రోజుల్లో న్యూటన్ దగ్గర నొరంబేగా పార్కు వైపు నది నిండా కనూలే ఉండేవట.

అయితే కార్డు దుకాణం దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఎవరు కొన్నారో అందులో ఉండదు. మోటారు లేని పడవలకు మసాచుసెట్స్‌లో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి ప్రభుత్వ కాగితాల్లోనూ దొరకదు. కార్డు దొరకడం కూడా తయారీదారుని బట్టే ఉంటుంది. ఓల్డ్ టౌన్, కార్ల్‌టన్ పడవలకు దొరుకుతుంది. మోరిస్ పడవలకు అసలు రికార్డులు లేవు, ఆ ఫ్యాక్టరీ కాలిపోయింది.

మిగతా కథ రిపేరు చేసినాయన చెప్పాడు. మెయిన్‌లో ఒక్కడే నడుపుకునే వర్క్‌షాప్ అది. ఇప్పటికే క్యూ పెద్దదైపోయిందని పేరు రాయొద్దన్నాడు. రేటు చెప్పకముందే సీరియల్ నంబర్ అడిగాడు, కార్డు చూశాకే పని మొదలుపెట్టాడు. ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే. పాత కాన్వాస్ తీశాక అంచుల వెంట మేకుల రంధ్రాలు చూపించాడు. రెండు వరుసలున్నాయి, అంటే అంతకుముందే ఒకసారి కాన్వాస్ మారింది. కొసనున్న త్రికోణపు చెక్క అడుగున రంగుతో వేసిన ఒక అంకె బయటపడింది. క్యాంపులో పడవలకు అలాగే నంబర్లు వేసేవాళ్లమని అక్కడ పనిచేసిన ఒక పెద్దాయన ఫోన్‌లో చెప్పారు. దాంతో అమ్మినావిడ మాట రుజువైంది. దుకాణానికీ క్యాంపుకీ మధ్య మాత్రం ఖాళీ అలాగే ఉంది, ఇంకా వెతుకుతున్నాను.

పని గురించి చెప్పాలంటే, విరిగిన బద్దల స్థానంలో కొత్త సీడర్ బద్దలకు ఆవిరి పట్టి, అవి వేడిగా ఉండగానే వంచి, ఇత్తడి మేకులతో బిగించాడు. మేకు మొన మడతపడి మళ్లీ చెక్కలోకి దిగేలా అవతల ఇనుప దిమ్మ పట్టుకుని కొట్టాలి. చూస్తుంటే వాయిద్యం వాయిస్తున్నట్టే ఉంటుంది. ఫిల్లర్ ఆరడానికే వారాలు పడుతుంది, తొందరపెట్టకూడదు. పాత ఫిల్లర్‌లో, రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి ఇంట్లో సొంతంగా పొడిగా రుద్దకండి.

పడవలో కూర్చునే సీట్ల అల్లిక కొత్తది మరీ తెల్లగా ఉంది, పాతదానితో కలవలేదు. చెప్పిన గడువు కూడా బాగానే దాటింది. ఖర్చు తక్కువేం కాదు, కాన్వాస్ మార్పించే డబ్బుతో కొత్త ప్లాస్టిక్ కనూ వస్తుంది. అయినా మళ్లీ అవసరమైతే ఆయన దగ్గరికే వెళ్తాను. ఇంకొక చోట కాన్వాస్ బదులు ఫైబర్‌గ్లాస్ వేస్తాం, చవక అన్నారు. దయచేసి వద్దు. చెక్కలో తడి చిక్కుకుంటుంది, తర్వాత ఒక్క బద్ద మార్చాలన్నా నరకం.

సంఘానికి నేను ఐదుకు ఐదు ఇస్తాను. వర్క్‌షాప్‌కి నాలుగు. అడిగేముందు నంబర్ ఫోటో బాగా తీయండి. టార్చి నేరుగా కాకుండా పక్కనుంచి వేస్తే వార్నిష్ కింద అంకెలు కనిపిస్తాయి. చివర విడిగా ఉండే రెండంకెలు పడవ పొడవు, వాటిని సీరియల్‌లో కలపకండి. ఒక కొసన అరిగిపోతే రెండో కొసన కూడా అదే నంబర్ ఉంటుంది.